బాడీషాప్ ఉద్యోగం వదిలి మోటార్ సర్వేయర్ లైసెన్స్‌కి వెళ్లొచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

గేర్‌బాక్స్_గోదావరి | రాజమండ్రి

అందరికీ నమస్కారం. ఆటోమొబైల్ డిప్లొమా చేశాను. ఒక షోరూమ్ బాడీషాప్‌లో సర్వీస్ అడ్వైజర్‌ని. యాక్సిడెంట్ బండ్లకి ఎస్టిమేట్లు వేయడం, బీమా క్లెయిమ్‌కి నష్టం లెక్కకట్టే సర్వేయర్ ఎప్పుడొస్తారని ఫోన్లు చేయడం, కస్టమర్ అరిస్తే వినడం, రోజూ ఇదే పని. మా దగ్గరికి వచ్చే సర్వేయర్లని చూస్తుంటే ఈ పని మనమూ చేయొచ్చు కదా అనిపిస్తోంది. వస్తారు, ఫోటోలు తీసుకుంటారు, మేం రాసినదాంట్లో నాలుగు లైన్లు కొట్టేస్తారు, టీ తాగి వెళ్లిపోతారు. ఇక్కడ సర్వేయర్లు ఉంటే కోపం తెచ్చుకోవద్దు.

లైసెన్స్ ఎలా వస్తుంది? సొంతంగా చేస్తే ఇల్లు గడుస్తుందా, కంపెనీలో చేరడం మేలా? ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. నెల జీతం వదిలేస్తానంటే నాన్న ఒప్పుకునేలా లేరు.

---

పదహారో_నంబర్_రోడ్డు | ఏలూరు

కోపం ఎందుకు తమ్ముడూ, కొట్టేసిన ఆ నాలుగు లైన్లకే మాకు ఫీజు ఇచ్చేది :)

ముందు లైసెన్స్ సంగతి. మోటార్ విభాగానికి మీ డిప్లొమా పనికొస్తుంది. ట్రైనీగా నమోదై ఒక లైసెన్స్ ఉన్న సర్వేయర్ దగ్గర 12 నెలలు ట్రైనింగ్ చేయాలి. ముంబైలోని ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా పెట్టే సర్వేయర్ పరీక్ష పాసవ్వాలి. సర్వేయర్ల సంస్థ ఐఐఐఎస్ఎల్ఏలో సభ్యత్వం తీసుకోవాలి, దాని హెడ్డాఫీసు హైదరాబాదే. తర్వాత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ లైసెన్స్ ఇస్తుంది. అది 3 ఏళ్లు నడుస్తుంది, మళ్లీ రెన్యువల్. లైసెంషియేట్, అసోసియేట్, ఫెలో అని మెట్లు ఉంటాయి. కింది మెట్టు మీద ఉన్నవాళ్లకి పెద్ద క్లెయిములు రావు.

పరీక్షకి భయపడక్కర్లేదు. ట్రైనింగ్ ఇచ్చే గురువు దొరకడమే కష్టం. చాలామంది ట్రైనీని ఫోటోలు తీయడానికి, బండి నడపడానికి వాడుకుంటారు గానీ రిపోర్టు రాయించరు. మీరు మాత్రం రిపోర్టు రాయించే వాళ్ల దగ్గరే చేరండి.

టీ తాగి వెళ్లిపోవడం గురించి తర్వాత మాట్లాడదాం. ఇప్పుడు గుండుగొలను దగ్గర ఒక కంటైనర్ పడిందట, స్పాట్ సర్వేకి, అంటే బండి పడిన చోటే చూడటానికి, బయల్దేరుతున్నా. వాన పడుతోంది.

---

బంజారా_బంపర్ | హైదరాబాద్

నేను ఒక ప్రైవేట్ కంపెనీ క్లెయిమ్స్ విభాగంలో ఉన్నా, కాబట్టి రెండోవైపు నేను చెప్తా. 2020 సవరణ తర్వాత మోటార్‌లో 50 వేలు, ఆ పైన ఉన్న నష్టానికే లైసెన్స్ ఉన్న సర్వేయర్ తప్పనిసరి. అంతకుముందు ఆ హద్దు చాలా తక్కువ ఉండేది. ఇప్పుడు బంపర్, హెడ్‌లైట్, డోర్ లాంటి చిన్న క్లెయిములన్నీ మా కంపెనీ ఉద్యోగులే చూసుకుంటున్నారు. సగం వీడియో కాల్ మీదే అయిపోతాయి. బయటి సర్వేయర్‌కి ఒకప్పుడు రోజూ అన్నం పెట్టిన పని అదే. అది పోయింది.

కంపెనీలో జీతం టైముకి పడుతుంది. కానీ టార్గెట్లుంటాయి. నెల తిరిగేసరికి నీ యావరేజ్ క్లెయిమ్ ఎంత, పక్కోడిది ఎంత అని షీట్ పెడతారు. 2024 జూన్‌లో వచ్చిన ఐఆర్‌డీఏఐ మాస్టర్ సర్క్యులర్ ప్రకారం క్లెయిమ్ చెప్పిన 24 గంటల్లో సర్వేయర్‌ని పెట్టాలి, 15 రోజుల్లో రిపోర్టు రావాలి, రిపోర్టు వచ్చాక 7 రోజుల్లో కంపెనీ తేల్చాలి. కస్టమర్‌కి ఇది మంచిదే. మాకు మాత్రం ఫోన్ పక్కన పెట్టి అన్నం తినే పరిస్థితి లేదు.

---

ఈఎమ్ఐ_మోహన్ | విజయవాడ

సర్వేయర్లు అందరూ ఒక్కచోట దొరికారు కాబట్టి అడుగుతున్నా. కారు కొని 3 ఏళ్లు దాటింది. ముందు భాగం డివైడర్‌కి తగిలింది. బిల్లు 1,05,000 అయితే 79,500 ఇచ్చి మిగతాది నన్ను కట్టమన్నారు. ఫుల్ ఇన్సూరెన్స్ అని చెప్పి అమ్మారు కదా, ఇది ఏం ఫుల్లు? ఎవరి జేబులోకి పోయింది నా పాతిక వేలు?

---

గేర్‌బాక్స్_గోదావరి | రాజమండ్రి

మోహన్ గారూ, ఇది నేనే చెప్పగలను, రోజూ కౌంటర్‌లో ఇదే గొడవ. మీ బిల్లు ఇలా ఉండి ఉంటుంది: ఇనుప భాగాలు 40 వేలు, ప్లాస్టిక్ 24 వేలు, అద్దం 9 వేలు, పెయింట్ 20 వేలు, లేబర్ 12 వేలు. మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపు బండి అయితే ఇనుముకి తరుగుదల 25 శాతం, అంటే 10 వేలు పోతాయి. ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలకి బండి వయసుతో పని లేకుండా 50 శాతం, అక్కడ 12 వేలు. అద్దానికి కోత లేదు. పెయింట్ బిల్లు మొత్తంగా ఇస్తే అందులో నాలుగో వంతుని మెటీరియల్‌గా లెక్కేసి దాంట్లో సగం కోస్తారు, అది 2,500. పైన 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరి కోత 1,000. అన్నీ కూడితే 25,500. తరుగుదల కోయకుండా ఇచ్చే జీరో డెప్ కవర్ రెన్యువల్‌లో తీసేశారేమో పాలసీ చూడండి.

---

ఈఎమ్ఐ_మోహన్ | విజయవాడ

చూశాను. తీసేశారు. ప్రీమియం తగ్గించమని అడిగింది మా తమ్ముడే. సరే, పాలసీ అమ్మిన ఏజెంట్ ఒక్క ముక్క చెప్పొచ్చు కదా.

---

టింకరింగ్_బాషా | ఆటోనగర్, విజయవాడ

లెక్క బాగానే చెప్పాడు పిల్లోడు. జీరో డెప్ ఉన్నా కూడా నట్లు, బోల్టులు, కూలెంట్, ఏసీ గ్యాస్ ఇవ్వరు, దానికి కన్‌జ్యూమబుల్స్ కవర్ వేరే తీసుకోవాలి. అది కూడా చెప్పు కస్టమర్లకి.

ఇక సర్వేయర్ల మీద నా గొడవ వేరు. ఫెండర్ మడత పడిపోయి వస్తది. కొత్తది వేద్దాం అంటే "కొడితే వస్తది భాయ్, డెంటింగ్ లేబర్ రాసుకో" అంటారు. కొడితే వస్తది నిజమే. కానీ పుట్టీ పొర మందంగా పెట్టాల్సొచ్చి, ఎండకి ఏడాదిలో పగులుద్ది. అప్పుడు కస్టమర్ వచ్చి నా కాలర్ పట్టుకుంటాడు, సర్వేయర్‌ది కాదు. అదే షోరూమ్‌లో అయితే చిన్న సొట్టకి కూడా డోర్ మార్చేస్తారు, ఎవరూ అడగరు. మా షెడ్డుకి వచ్చేసరికే అందరికీ పొదుపు గుర్తొస్తది.

---

పదహారో_నంబర్_రోడ్డు | ఏలూరు

బాషా భాయ్ చెప్పింది సగం నిజం. షోరూమ్‌లో క్యాష్‌లెస్ ఒప్పందం ఉంటుంది, అక్కడ మార్చడమే వాళ్లకి లాభం. మన దగ్గర టింకరింగ్ చేతికి ఉన్న విలువ ఎస్టిమేట్ ఫారంలో కనిపించదు. నా పద్ధతి చెప్తాను. షీటు సాగిందా, ముడత పడిందా చూస్తాను. సాగిన షీటు ఎంత కొట్టినా డబ్బాలా డబడబ లాడుతుంది, అది మార్చాల్సిందే. ముడత అంచు మీద, బాడీ గీత తెగకుండా ఉంటే రిపేరుకి రాస్తాను. కానీ ఆ రిపేరుకి తగ్గ లేబర్ కూడా రాస్తాను. 600 రూపాయల లేబర్ ఇచ్చి ఫెండర్ కొట్టమంటే పుట్టీ తప్ప ఏం వస్తుంది?

ఇప్పుడు గేర్‌బాక్స్ తమ్ముడు అడిగిన "టీ" సంగతి. ఒక కారు వచ్చింది. రాత్రి హైవే మీద డివైడర్‌కి కొట్టానని క్లెయిమ్. ఎడమ హెడ్‌లైట్ పగిలింది, బంపర్ చీలింది, రేడియేటర్ సపోర్టు వంగింది. కాగితాలన్నీ సవ్యంగా ఉన్నాయి. పగిలిన హెడ్‌లైట్ లోపలికి టార్చి వేస్తే సాలెగూడు. బంపర్ చీలిక అంచుల్లో దుమ్ము పేరుకుని నల్లగా ఉంది, కొత్తగా విరిగిన ప్లాస్టిక్ అంచు తెల్లగా మెరుస్తుంది. సపోర్టు వంగినచోట పెయింట్ లేచి తుప్పు మొదలైంది. రాత్రి జరిగిన దెబ్బకి తెల్లారేసరికి సాలీడు గూడు కట్టదు కదా. అయితే అదే బండికి కుడి డోర్ మీద గీత కొత్తదే, డివైడర్ సున్నం ఇంకా అంటుకుని ఉంది. కాబట్టి డోర్ ఇచ్చాను, ముందు భాగం కొట్టేశాను. ఫోటోలతో సహా ఎందుకో రాశాను. ఆయన నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాస్తే అడ్మిన్ థ్రెడ్ మూసేస్తాడు.

దీనికి రెండోవైపు కూడా ఉంటుంది. ఒకాయన పార్కింగ్‌లో ఉన్న కారుకి ఎవరో గుద్దారన్నాడు. డికీ మీద దెబ్బ గుండ్రంగా లోపలికి పోయింది, కారు గుద్దితే అలా పడదు. కంపెనీ ఆఫీసర్ అప్పుడే అనుమానం అని రాసేశాడు. నేను ఆ వీధికి వెళ్లాను. పక్కనే ఇటుకల ట్రాక్టర్ ఆగుతుంది. ఆ ట్రాక్టర్ ట్రక్కు వెనక కొక్కెం ఎత్తు టేపుతో కొలిస్తే సొట్ట ఎత్తుకి సరిపోయింది, కొక్కేనికి కారు రంగు అంటుకుని ఉంది. క్లెయిమ్ ఇప్పించాను. నా టేపు రెండు వందల రూపాయలు, ఆ పెద్దాయనకి దాని వల్ల వచ్చింది అరవై వేలు.

---

పద్నాలుగు_టైర్లు | కోదాడ

కార్లోళ్ల ముచ్చట అయిపోయిందా? ఇక మా లారీలోళ్ల సంగతి. క్యాబిన్ నుజ్జయింది, స్పాట్ సర్వే అయ్యేదాకా కదపొద్దన్నారు. హైవే మీద పెట్టుకుని పోలీసోళ్ల తిట్లు తినాలా? ఆఖరికి బంపర్, హెడ్‌లైట్లు, పెయింటు మీ పాలసీలో రావు అన్నరు. లోడు చలాను తెమ్మన్నరు, ఫిట్‌నెస్ తెమ్మన్నరు, డ్రైవర్ లైసెన్స్ తెమ్మన్నరు. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ రిపోర్టు కూడా అడిగిన్రు. ఓనర్‌నా, ముద్దాయినా నేను?

---

పదహారో_నంబర్_రోడ్డు | ఏలూరు

అన్నా, కమర్షియల్ బండికి ఐఎంటీ 23 అని ఒక ఎండార్స్‌మెంట్ ఉంటుంది. అదనపు ప్రీమియం కట్టి అది తీసుకుంటేనే లైట్లు, బంపర్లు, మడ్‌గార్డులు, టైర్లు, పెయింటు లాంటివి వస్తాయి. బండి పూర్తిగా పోతే సంగతి వేరు. లారీలోళ్లలో సగం మందికి ఇది దెబ్బ తగిలాకే తెలుస్తుంది. ఈసారి రెన్యువల్‌లో ఆ నంబరు చెప్పి అడగండి.

స్పాట్ సర్వే ఎందుకంటే, బండి షెడ్డుకి చేరాక ఏది యాక్సిడెంట్‌లో పోయిందో, ఏది క్రేన్ లాగినప్పుడు పోయిందో, ఏది అంతకుముందే లేదో ఎవరికీ తెలియదు. స్టెప్నీ, బ్యాటరీ, డీజిల్ మధ్యలో ఎన్నిసార్లు మాయమయ్యాయో నేను చెప్పలేను. అడ్డంగా ఉంటే ఫోటోలు, వీడియో తీసి పోలీసుల చేత పక్కకి తీయించండి, మాకు ఒక ఫోన్ కొట్టండి. రోడ్డు మధ్యలో కాపలా కాయమని ఎవరూ చెప్పరు.

కాగితాలు సరిగా లేకపోతే క్లెయిమ్ మొత్తం పోయినట్టే అనుకోకండి. 2010లో అమలేందు సాహూ కేసులో, సొంత కారుని అద్దెకి తిప్పినా మొత్తానికే కొట్టేయకుండా నాన్‌స్టాండర్డ్ పద్ధతిలో, అంటే కొంత కోసి మిగతాది ఇచ్చేలా, చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 7,500 కిలోల లోపు బండికైతే ఎల్ఎంవీ (తేలికపాటి బండి) లైసెన్స్ సరిపోతుందని 2024 నవంబర్‌లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. మీ పద్నాలుగు టైర్లకి మాత్రం హెవీ లైసెన్స్ ఉండాల్సిందే, దానికి దారి లేదు.

---

స్కూటీ_సర్వేయర్ | వరంగల్

నేను ట్రైనీని, కాబట్టి గేర్‌బాక్స్ గారికి దగ్గర అనుభవం నాదే అనుకుంటా. మెకానికల్ బీటెక్. షెడ్డుకి వెళ్తే "మేడమ్, సార్ ఎప్పుడొస్తారు?" అని అడుగుతారు. సార్ రారు, నేనే కిందికి దూరి చూస్తాను అంటే నవ్వుతారు. ఒకసారి లిఫ్ట్ ఎత్తించి సబ్‌ఫ్రేమ్ మీద పాత వెల్డింగ్ చూపించాక ఆ షెడ్డులో నవ్వడం మానేశారు.

నేర్చుకున్న చిన్న చిన్న పనులు చెప్తా. ఫోటో మొదటిది ఎప్పుడూ ఛాసిస్ నంబర్‌ది, తర్వాత ఓడోమీటర్, తర్వాత నాలుగు మూలలు, ఆఖర్న దెబ్బలు. విప్పాక మళ్లీ తీయాలి, ఎందుకంటే ఏప్రన్, క్రాస్ మెంబర్ లాంటి లోపలి ఇనుప భాగాల దెబ్బలు బంపర్ విప్పితేనే కనిపిస్తాయి. మార్చమన్న పాత పార్టుల మీద గుర్తు పెట్టాలి, కొన్నిటిని అక్కడే కోసేయాలి, లేకపోతే అదే హెడ్‌లైట్ ఇంకో బండిలో దెబ్బతిన్నదిగా కనిపిస్తుంది. పని అయ్యాక రీ-ఇన్‌స్పెక్షన్‌కి వెళ్లాలి. కొత్త బంపర్‌కి బిల్లు వేసి పాతదానికి ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి పెయింట్ కొట్టినవాళ్లని చూశాను. బంపర్ లోపలి వైపు చెయ్యి పెడితే తెలిసిపోతుంది.

స్టైపెండ్ గురించి అడగకండి. పెట్రోల్ ఖర్చులు వస్తున్నాయి, అంతే.

---

డాలస్_డెంట్ | టెక్సస్

ఇక్కడ కంపెనీ ఉద్యోగిగా అడ్జస్టర్‌ని, మీ సర్వేయర్ లాంటి పనే. టెక్సస్‌లోనూ లైసెన్స్ కావాలి. మీకూ మాకూ పెద్ద తేడా ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ. మీ దగ్గర పాలసీ రాసిన రోజే బండి విలువ రాసేస్తారు, రిపేరు ఖర్చు దానిలో 75 శాతం దాటితే టోటల్ లాస్. ఇక్కడ దెబ్బ తగిలిన నాటికి మార్కెట్ విలువ ఎంత అని అప్పుడు లెక్కిస్తాం, అక్కడే గొడవలు. లేబర్ గంటలు, పార్టుల ధరలు ఎస్టిమేట్ సాఫ్ట్‌వేర్‌లోనే వచ్చేస్తాయి, బాషా గారిలా వాదించే అవకాశం తక్కువ. మా ఫ్రిస్కో, ప్లేనో వైపు వసంతకాలంలో వడగళ్లు పడితే ఒక్క సాయంత్రంలో వీధి వీధంతా సొట్టలే. మన తెలుగువాళ్ల కొత్త టెస్లాలు కూడా. అప్పుడు వేరే రాష్ట్రాల నుంచి కూడా అడ్జస్టర్లు దిగుతారు.

---

ఈఎమ్ఐ_మోహన్ | విజయవాడ

వడగళ్లు అంటే గుర్తొచ్చింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు మా వీధిలో కార్లన్నీ నీళ్లలోనే. పక్కింటాయనకి ఇంజిన్ డబ్బులు రాలేదు, ఎదురింటాయనకి వచ్చాయి. ఒకే నీళ్లు, ఒకే వీధి. ఇదేం న్యాయం?

---

పదహారో_నంబర్_రోడ్డు | ఏలూరు

ఆ రోజుల్లో నేనూ అక్కడే ఉన్నాను మోహన్ గారూ. టోయింగ్ బండి దొరకడమే గగనం. బండి లోపల బురద గీత ఎక్కడిదాకా ఉందో చూడటంతో మొదలుపెట్టాం. కార్పెట్ వరకు ఉంటే ఒక లెక్క, సీటు వరకు ఉంటే ఇంకో లెక్క, డ్యాష్‌బోర్డు ఎక్కితే వైరింగ్, ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్), ఎయిర్‌బ్యాగ్ మాడ్యూల్ అన్నీ పోయినట్టే, చాలావరకు టోటల్ లాస్.

ఇంజిన్ తేడా ఇక్కడ వస్తుంది. ఆగి ఉన్న బండిలోకి నీళ్లు వస్తే విప్పి కడిగి ఆయిల్ మార్చడం వరద నష్టంలో భాగమే. నీళ్లు దిగాక "ఒకసారి చూద్దాం" అని తాళం తిప్పితే సిలిండర్‌లో ఉన్న నీళ్లు నొక్కినా కుదించుకోవు, కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. అది వరద వల్ల కాదు, స్టార్ట్ చేయడం వల్ల అని మామూలు పాలసీలో కొట్టేస్తారు. ఇంజిన్ ప్రొటెక్ట్ కవర్ ఉంటే వస్తుంది. మీ ఎదురింటాయనకి ఆ కవర్ ఉందో, తాళం తిప్పలేదో, రెండిట్లో ఒకటి. అది చెప్తే కొందరు నన్ను కొట్టడానికి వచ్చారు. ఇల్లు మునిగి, బియ్యం తడిసి, పిల్లల పుస్తకాలు పోయి ఉన్నవాళ్లకి రాడ్ వంగిన సంగతి చెప్పడం అంత కష్టమైన పని ఇంకోటి లేదు. కంపెనీ వాళ్లు ఇటు, కస్టమర్ అటు, మధ్యలో మనం అడకత్తెరలో పోకచెక్క. గేర్‌బాక్స్, మీ నాన్నగారికి ఇది చెప్పండి, జీతం సంగతి తర్వాత.

---

టింకరింగ్_బాషా | ఆటోనగర్, విజయవాడ

అన్నీ చెప్తున్నారు, మామూళ్ల సంగతి ఎవరూ ఎత్తట్లేదు. కవరు ఇస్తేనే పెన్ను కదిలే సర్వేయర్లు లేరా?

---

బంజారా_బంపర్ | హైదరాబాద్

ఉన్నారు. ఎస్టిమేట్ 20 వేలు పెంచి రాసి, కవరు అందులోంచే తీసే షెడ్లూ ఉన్నాయి బాషా భాయ్. రెండు చేతులు కలిస్తేనే కదా. పట్టుబడితే లైసెన్స్ రద్దు, కంపెనీల ప్యానెల్ నుంచి అవుట్. మా దగ్గర ఇప్పుడు ఒకే షెడ్డు, ఒకే సర్వేయర్ జంట ఎక్కువసార్లు కనిపిస్తే సిస్టమే ఎర్రజెండా చూపిస్తుంది.

---

అడ్మిన్

ఎవరి పేర్లూ, షెడ్ల పేర్లూ రాయొద్దు. ఇప్పటికే రెండు పోస్టులు తీసేశాను.

---

పద్నాలుగు_టైర్లు | కోదాడ

ఐఎంటీ 23 సంగతి మా ఏజెంట్‌ని అడిగితే "మీరు అడగలేదు కదా" అన్నడు. సరే. సర్వే రిపోర్టు కాపీ నాకు ఇస్తరా?

---

పదహారో_నంబర్_రోడ్డు | ఏలూరు

రాతపూర్వకంగా అడగండి, ఇవ్వాలి. ఏ లైన్ ఎందుకు కోశారో అందులో ఉంటుంది. నచ్చకపోతే ముందు కంపెనీ గ్రీవెన్స్ సెల్‌కి రాయండి, ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లోనూ పెట్టొచ్చు. నెలలో తేలకపోతే బీమా ఫిర్యాదులు తేల్చే అంబుడ్స్‌మన్. మన రెండు రాష్ట్రాలకీ ఆఫీసు హైదరాబాద్‌లో ఉంది, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, 50 లక్షల వరకు చూస్తారు. సర్వే రిపోర్టే ఆఖరి మాట కాదని 2009లో సుప్రీంకోర్టే చెప్పింది. సర్వేయర్‌ని అయ్యుండి చెప్తున్నా.

---

గేర్‌బాక్స్_గోదావరి | రాజమండ్రి

అందరికీ థాంక్స్. నాన్నకి థ్రెడ్ మొత్తం చదివి వినిపించాను. సాలెగూడు దగ్గర నవ్వారు, స్టైపెండ్ దగ్గర లేచి వెళ్లిపోయారు. ఆఖరి సందేహం: షోరూమ్‌లో ఉద్యోగం చేస్తూనే ట్రైనింగ్ చేయొచ్చా?

---

పదహారో_నంబర్_రోడ్డు | ఏలూరు

వద్దు. మీరు ఎస్టిమేట్ వేసిన బండికే మీ గురువు సర్వే చేస్తే రేపు ఇద్దరినీ అడుగుతారు. ఉద్యోగం వదిలే ముందు ఏడాది ఖర్చులు పక్కన పెట్టుకోండి. ఈలోపు పరీక్ష పుస్తకాలు మొదలుపెట్టండి, మోటార్ పేపర్‌లో తరుగుదల లెక్కలు మీకు ఎలాగూ నోటికే వచ్చు. సెలవు రోజున ఏలూరు రండి, ఒక రోజు నాతో తిరిగి చూడండి. పాత బట్టలు వేసుకు రండి.

---

స్కూటీ_సర్వేయర్ | వరంగల్

టార్చి మీదే తెచ్చుకోండి. షెడ్డు వాళ్లది ఎప్పుడూ ఛార్జింగ్ ఉండదు.